తెలివి కొలవడం వేరు, తరుగు పట్టడం వేరు

పెద్దవాళ్లకు మతిమరుపు ముదిరి డిమెన్షియాలోకి దిగుతోందేమోనని ఇంట్లో అనుమానం వస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. రక్తపరీక్షలు, స్కానింగు ఎటూ ఉంటాయి. వాటితో పాటు తప్పనిసరిగా జరిగేది మరొకటి ఉంది. ఒక బల్లకు అటూ ఇటూ ఇద్దరు కూర్చోవడం, ఒకరు అడగడం, ఒకరు చెప్పడం. ఆ బల్ల మీదికి వచ్చే ప్రశ్నలు రెండు వేర్వేరు వంశాలకు చెందినవి. ఒకటి ప్రజ్ఞా పరీక్షల వంశం, అంటే మనం ఐక్యూ అనేది. గంటన్నర దాకా పట్టే పెద్ద పరీక్షను వయసు మళ్లినవాళ్లు తట్టుకోలేరు గనుక దాన్ని పదిహేను నిమిషాలకో అరగంటకో కుదించి వాడతారు. రెండోది మెదడు జబ్బుల వార్డుల్లో, రోగుల మంచాల పక్కన పుట్టిన పరీక్షల వంశం. మొదటిదానికి ప్రతినిధిగా వెక్స్లర్ కుదింపు పరీక్షను, రెండోదానికి ప్రతినిధిగా అడెన్‌బ్రూక్స్ పరీక్షను తీసుకుని, హైదరాబాదు పెద్దవాళ్ల ముందు ఏది ఎలా నిలుస్తుందో పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ముందే నా మాట చెప్పేస్తాను. మెట్రో ఎర్ర లైనులో అమీర్‌పేట తర్వాతి స్టేషను పంజాగుట్ట. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్‌లో చేరిన కుర్రవాడికి కావలసింది ర్యాంకు. నలుగురిలో నేనెక్కడ అన్నది అతని ప్రశ్న. ఒక్క స్టేషను దాటి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి ఓపీకి వచ్చిన పెద్దాయనకు ఆ ప్రశ్నతో పని లేదు. అయిదేళ్ల కిందటి నాతో పోలిస్తే ఇవాళ నేనెక్కడ అన్నదే ఆయన ప్రశ్న. కుదించిన ప్రజ్ఞా పరీక్ష మొదటి ప్రశ్నకు జవాబిస్తుంది. ఆ జవాబును రెండో ప్రశ్న కింద రాసుకున్నప్పుడల్లా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

రెండు పుట్టుకలు

డేవిడ్ వెక్స్లర్ న్యూయార్కులోని బెలెవ్యూ ఆసుపత్రిలో మనస్తత్వ నిపుణుడు. 1939లో ఆయన తెచ్చిన పరీక్షలో పెద్దల తెలివిని వాళ్ల వయసువాళ్లతోనే పోల్చే పద్ధతి కుదిరింది. సగటు 100, అటూ ఇటూ 15 చొప్పున మెట్లు. 1955లో అది పెద్దల ప్రజ్ఞా మాపనిగా స్థిరపడి, ఆ తర్వాత పలుమార్లు సవరణలు పొందింది. పూర్తి పరీక్షకు సమయం చాలదని గోలపెట్టే క్లినిక్‌ల కోసం దాన్ని కత్తిరించే ప్రయత్నాలు తొలి నుంచీ ఉన్నాయి. 1962లో సాట్జ్, మోగెల్ అనే ఇద్దరు పరిశోధకులు అన్ని భాగాలనూ ఉంచి, ప్రశ్నలను మాత్రం తగ్గించారు. ఇంకొందరు ప్రశ్నలను ముట్టుకోకుండా భాగాలనే తగ్గించారు. 1999లో కుదింపు పరీక్షే విడి పరీక్షగా అచ్చయింది, 2011లో దాని రెండో కూర్పు వచ్చింది. అందులో నాలుగు భాగాలు: మాటల అర్థాలు చెప్పడం, రెండు వస్తువుల మధ్య సామ్యం చెప్పడం, ఎరుపు తెలుపు దిమ్మెలతో బొమ్మ పేర్చడం, గళ్లలో తప్పిపోయిన ఆకారాన్ని పట్టడం. మరీ తొందరైతే మాటల అర్థాలు, గళ్ల ఆకారాలు అనే రెండింటితోనే పదిహేను నిమిషాల్లో ఒక ఐక్యూ అంకె చేతికి వస్తుంది.

అడెన్‌బ్రూక్స్ పరీక్ష పేరు కేంబ్రిడ్జిలోని ఆసుపత్రిది. 2000లో మొదటి రూపం వచ్చింది. దాని రచయితల్లో ఒకరైన మతురనాథ్ ఆ తర్వాత కేరళలో దాన్ని మలయాళంలోకి మలిచారు. 2006లో సవరించిన రూపం వచ్చింది. మొత్తం 100 మార్కులు: ధ్యాస, కాలస్థలాల ఎరుకకు 18, జ్ఞాపకానికి 26, మాటల ధారాళతకు 14, భాషకు 26, చూపుతో స్థలాన్ని గ్రహించడానికి 16. ఇదీ పావుగంట, ఇరవై నిమిషాల పనే. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి నాయకత్వంలో నడిచిన మెమరీ క్లినిక్ ఈ పరీక్షను ఇక్కడి భాషలకూ ఇక్కడి జనానికీ తగ్గట్టు మలుచుకుని వాడింది.

పట్టే సమయం రెండింటికీ ఇంచుమించు సమానమే. కాబట్టి తీరిక లేకనే కుదించిన ఐక్యూ పరీక్ష పెట్టాం అనే సమాధానం నిలవదు. ఆ పావుగంటను దేనికి ఖర్చు పెడుతున్నాం అన్నదే అసలు సంగతి.

దేన్ని అడుగుతాయి, దేన్ని అడగవు

అల్జైమర్స్ సాధారణంగా మొదట దెబ్బ తీసేది కొత్తగా విన్నదాన్ని దాచుకునే శక్తిని. నలభై ఏళ్ల కిందటి పెళ్లి ముచ్చట చెప్పగలరు, పొద్దున వచ్చి వెళ్లిన చుట్టం పేరు చెప్పలేరు. ఈ లోపాన్ని పట్టాలంటే కొత్త సంగతి ఒకటి చెప్పి, మధ్యలో వేరే పని పెట్టి, కాసేపయ్యాక మళ్లీ అడగాలి. అడెన్‌బ్రూక్స్ పరీక్ష చేసే పని ఇదే. ఒక మనిషి పేరు, చిరునామా మూడుసార్లు చదివి వినిపించి, ప్రతిసారీ తిరిగి చెప్పమంటారు. తర్వాత బొమ్మలు గీయించి, జంతువుల పేర్లు చెప్పించి, చివర్లో ఇందాకటి చిరునామా అడుగుతారు. జబ్బు లేని పెద్దవాళ్లు ఒకటి రెండు ముక్కలు వదిలేసినా, నాలుగు మాటలు అందిస్తే పట్టేస్తారు. అల్జైమర్స్ మొదలైనవాళ్లలో కొందరు "చిరునామానా, ఏ చిరునామా?" అని అడుగుతారు. చెప్పిన వివరాలే కాదు, అలాంటిదొకటి చెప్పారన్న సంగతే జారిపోయి ఉంటుంది. ఎదురుగా కూర్చున్న డాక్టరుకు ఆ ఒక్క జవాబు ఎన్నో మార్కుల పెట్టు.

కుదించిన వెక్స్లర్ పరీక్షలో ఈ పని చేసే ప్రశ్న ఒక్కటీ లేదు. పూర్తి వెక్స్లర్ ప్రజ్ఞా పరీక్షలో కూడా ఆలస్యంగా గుర్తుచేసుకునే భాగం లేదు, ఆయన జ్ఞాపకానికి విడిగా వేరే పరీక్ష కట్టాడు. కుదింపులో ఇంకా రెండు పోయాయి. అంకెలు విని వెనక నుంచి చెప్పడం లాంటి తక్షణ ధారణ, గుర్తులను వేగంగా నింపడం లాంటి పని వేగం. ఈ రెండూ వయసుతోనూ జబ్బుతోనూ తొందరగా తగ్గేవి. జబ్బును పసిగట్టగల భాగాలను తీసేసి, జబ్బును ఎక్కువ కాలం తట్టుకునే మాటల అర్థాలను అట్టిపెట్టుకున్న పరీక్ష ఇది. బడి పిల్లల తెలివిని త్వరగా అంచనా వేయడానికి ఆ ఎంపిక సబబే. డిమెన్షియాను పట్టడానికి మాత్రం సరిగ్గా తలకిందులైన ఎంపిక.

ఈ తేడా వెక్స్లర్‌కు తెలియనిది కాదు. వయసుతో నిలిచే భాగాలు, నిలవని భాగాలు అని 1940లలోనే ఆయన విడదీశాడు. మాటల అర్థాలు, లోకజ్ఞానం నిలిచేవి. దిమ్మెలు పేర్చడం, అంకెల ధారణ, గుర్తులు నింపడం నిలవనివి. ఈ రెండింటి మధ్య ఎడాన్ని బట్టి తరుగు లెక్క కట్టొచ్చని ఆయన ప్రతిపాదించాడు. ఆ సూత్రం రోగులను విడదీయడంలో నమ్మకంగా పనిచేయలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కానీ దాని వెనకున్న ఆలోచన మాత్రం చావలేదు. తెలివి మొత్తం ఒకేసారి తరగదు, ఒక్కో జబ్బులో ఒక్కో వైపు నుంచి తరుగుతుంది. అలాంటిదాన్ని ఒకే అంకెలో కుదించి చెబితే, ఆ అంకె తరిగిన వైపును కప్పిపెడుతుంది.

జలసౌధ పెద్దాయన

ఎర్రమంజిల్‌లోని నీటిపారుదల శాఖ ఆఫీసు జలసౌధలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరిని ఊహించుకుందాం. 74 ఏళ్లు. కాలువల డిజైన్లు, నీటి లెక్కలు చేతివేళ్ల మీద ఉండిన మనిషి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయనకు వెక్స్లర్ పరీక్ష పెట్టి ఉంటే 130 వచ్చేదనుకుందాం. ఏడాదిగా కరెంటు బిల్లు రెండుసార్లు కడుతున్నారు. తెలిసిన సందులో దారి తప్పారు. కూతురు క్లినిక్‌కు తీసుకొచ్చింది. కుదించిన పరీక్షలో 106 వచ్చింది. రిపోర్టులో సగటు స్థాయి, చింతించనక్కర్లేదు అని రాస్తారు. రాసింది తప్పు కాదు, ఆయన వయసువాళ్ల సగటు కన్నా ఆయన పైనే ఉన్నారు. కానీ ఆయన తన మునుపటి స్థాయి నుంచి 24 పాయింట్లు దిగిపోయారు, అంటే ఒకటిన్నర మెట్టుకు పైనే. ఆ దిగుడే జబ్బు. రిపోర్టులో దాని ఊసే లేదు.

నిమ్స్‌లో మలచిన పరీక్ష పెట్టినా ఈ పెద్దాయన విషయంలో అంతా సవ్యంగా జరుగుతుందని చెప్పలేం. అడెన్‌బ్రూక్స్ 2006 రూపానికి కేంబ్రిడ్జిలో రెండు గీతలు గీశారు. 88 కన్నా తగ్గితే అనుమానించాలి, 82 కన్నా తగ్గితే అనుమానం గట్టిపడుతుంది. మన ఇంజనీరుకు భాషలో, బొమ్మల్లో, ధారాళతలో పూర్తి మార్కులు పడి, జ్ఞాపకంలో ఎనిమిది పోయినా 92 నిలుస్తుంది. గీత పైనే ఉంటారు. బాగా చదువుకున్నవాళ్లను ఈ పరీక్ష కూడా కొన్నాళ్లు దాటనిస్తుంది. అయితే పెద్ద తేడా ఒకటుంది. అడెన్‌బ్రూక్స్ కాగితం మీద ఆ ఎనిమిది మార్కులు ఎక్కడ పోయాయో కళ్లకు కనిపిస్తుంది. చిరునామా దగ్గర వరసగా సున్నాలు, మిగతా అంతా నిండుగా. అనుభవమున్న డాక్టరు మొత్తం 92ను పక్కనబెట్టి ఆ సున్నాల దగ్గర ఆగుతాడు. కుదించిన ఐక్యూ కాగితంలో ఆగడానికి అలాంటి చోటే లేదు.

బల్కంపేట అమ్మ

ఇప్పుడు రెండో మనిషి. బల్కంపేటలో కొడుకు దగ్గరుండే అమ్మ, 80 దాటింది. బడి ముఖం చూడలేదు. ఆమె తరానికి అది వింత కాదు. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు 18.33 శాతం, ఆడవాళ్లలో 8.86 శాతం. ఇవాళ మెమరీ క్లినిక్‌లకు వస్తున్న ఎనభైల ఆడవాళ్లు అప్పటి పిల్లలు.

కుదించిన ప్రజ్ఞా పరీక్ష ఈమెను మొదటి నిమిషం నుంచే ఓడిస్తుంది. నాగలికీ కొడవలికీ పోలిక ఏమిటని అడిగితే, ఇది దున్నడానికి, అది కోయడానికి అంటుంది. రెండూ పనిముట్లు అన్నదే పూర్తి మార్కుల జవాబు. వస్తువులను వాటి జాతిపేరు కింద సర్దడం బడి నేర్పే అలవాటు. రష్యా మనస్తత్వవేత్త లూరియా 1930ల తొలినాళ్లలో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో చూసింది ఇదే. చదువులేని రైతులు రంపాన్నీ గొడ్డలినీ దుంగతో కలిపి ఉంచారు, దుంగ లేకపోతే రంపమెందుకు అన్నారు. తెలివి తక్కువై కాదు, బతుకు అట్లా సర్దింది. దిమ్మెల పనీ అంతే. కాగితం మీది బొమ్మను చూసి చేతిలోని దిమ్మెల్లోకి మార్చడం సాధన మీద వచ్చే విద్య. దానికి గడియారం పెట్టి, వేగానికి అదనపు మార్కులు ఇచ్చి, కంటిలో శుక్లాలూ వేళ్లలో నొప్పులూ ఉన్న మనిషిని తూకం వేస్తే 70 వస్తుంది. ఆ 70ని చూసి డిమెన్షియా అంటే, ఆమె నలభై ఏళ్లప్పుడూ ఆ పరీక్షలో 70కి చుట్టుపక్కలే వచ్చేదన్న నిజం మరుగున పడుతుంది. దిగనే దిగని మనిషి దిగిపోయిందని తీర్పు చెప్పినట్టవుతుంది.

మన దేశంలో ఈ చిక్కును గుర్తించిన ప్రజ్ఞా పరీక్ష లేకపోలేదు. సి.ఎం. భాటియా 1955లో తెచ్చిన అయిదు భాగాల పరీక్ష మాటలతో పని లేనిది, చదువుకున్నవాళ్లకూ చదువులేనివాళ్లకూ వేర్వేరు ప్రమాణాలు కట్టింది. అందులోంచి రెండు భాగాలు తీసిన కుదింపు రూపం చండీగఢ్ పీజీఐ వాళ్ల మెదడు పరీక్షల సంపుటిలో చేరింది. భాటియా ఆలోచన గొప్పది. కానీ ఆయన ప్రమాణాలు కట్టింది 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లల మీద. బల్కంపేట అమ్మకు అవి ఏ రకంగానూ అతకవు.

మరి అడెన్‌బ్రూక్స్ వంశం ఈమెను న్యాయంగా చూస్తుందా? మూలరూపంలో ఉన్నది ఉన్నట్టు పెడితే చూడదు. చదవాలి, రాయాలి, గడియారం గీయాలి, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పాలి. ఆ చివరిదే చూడండి. 'ప'తో మాటలు చెప్పమంటే, చదువుకున్న తెలుగువాళ్లకే పాలు, పిల్లి, పులి లెక్కలోకి వస్తాయా రావా అని సందేహం. అక్షరం తెలియని మనిషికి ప్రశ్నే అందదు. జంతువుల పేర్లు చెప్పమనండి, గేదె నుంచి ఉడుము దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. పెన్సిలుతో ఘనాన్ని గీయమంటే వణికే చెయ్యి, వాకిట్లో చుక్కల ముగ్గును కొలత తప్పకుండా వేస్తుంది. చూపుతో స్థలాన్ని గ్రహించే శక్తి పోయిందా, పెన్సిలు అలవాటు లేదా అన్నది విడదీయకుండా మార్కులు కోస్తే పరీక్ష తప్పవుతుంది.

కాలం ఎరుక విషయమూ అంతే. బల్లకు అటువైపు అమ్మాయి అడుగుతుంది.

"ఇయ్యాల తారీఖెంతమ్మా?"

"తారీఖు నాకెట్ల తెలుస్తది బిడ్డా. శుక్రారం గదా. ఎల్లమ్మ కల్యాణం మంగళారం, ఇంక నాలుగొద్దులున్నది."

ఆషాఢ మాసంలో మంగళవారం జరిగే బల్కంపేట ఎల్లమ్మ కల్యాణాన్ని లెక్కగట్టి చెప్పిన మనిషి కాలాన్ని మరిచిందని ఎవరైనా అనగలరా? మూలరూపం ప్రకారం తారీఖు మార్కు పోయింది. ఋతువు అడిగితే ఇంకో చిక్కు. ఇంగ్లండువి నాలుగు, పంచాంగానివి ఆరు, ఇంట్లో మాట్లాడే కాలాలు మూడు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అనే మనిషికి ఏ లెక్కన మార్కు వేయాలో పరీక్ష పెట్టేవాళ్లు ముందే తేల్చుకోవాలి.

ఇక్కడే రెండు వంశాల మధ్య నిజమైన తేడా బయటపడుతుంది. మంచం పక్కన పుట్టిన పరీక్షకు మారే గుణం ఉంది. 1975లో అమెరికాలో వచ్చిన 30 మార్కుల చిన్న పరీక్షను, 1990లలో హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల కోసం మేరీ గంగూలీ బృందం తిరగరాసింది. వంద నుంచి ఏడేసి తీసేసే లెక్క బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. వాక్యం రాయమనే బదులు ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. అదే దారిలో భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాల్లో పరీక్షల పెట్టె ఒకటి తయారు చేయించింది. అడెన్‌బ్రూక్స్ మూడో రూపం తెలుగు, ఉర్దూతో సహా ఏడు భారతీయ భాషారూపాల్లో ఎలా పనిచేస్తుందో 2020లో పరిశోధన వెలువడింది. వెక్స్లర్ కుదింపుకు ఈ వెసులుబాటు లేదు. దాని బలమంతా ప్రమాణాల్లో ఉంది, ఆ ప్రమాణాలు అమెరికా జనం మీద కట్టినవి. ఒక్క మాట మార్చినా, క్లినిక్‌లో కూర్చుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పినా, ఆ ప్రమాణాల పట్టిక అక్కరకు రాదు. పట్టిక లేని ఐక్యూ అంకెకు అర్థం లేదు.

ఏ భాషలో అడిగాం?

హైదరాబాదులో ఈ ప్రశ్న వేరే చోట్ల కన్నా బరువైనది. 1948 దాకా ఉర్దూ హైదరాబాదు రాజ్యపు అధికార భాష, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు చెప్పిందీ ఉర్దూలోనే. ఇవాళ తొంభైకి దగ్గరపడిన తెలుగు పెద్దల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి, ఉర్దూలో చదవడం రాయడం నేర్చినవాళ్లున్నారు. అలాంటి పెద్దాయనకు తెలుగు వాక్యం ఇచ్చి చదవమంటే తడబడతారు. అది జబ్బు కాదు, ఆయన చదివిన బడి అది.

నిమ్స్ క్లినిక్ లోకానికి తెలిసింది కూడా భాషల సంగతితోనే. అక్కడి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్, ఇతరులు కలిసి విశ్లేషించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించారు. వాళ్లలో 391 మంది ఒకటి కన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. కెనడాలో ఇలాంటి పరిశోధన జరిగినప్పుడు రెండు భాషలవాళ్లలో వలస వచ్చినవాళ్లు ఎక్కువ కావడంతో, ఫలితం భాషదా వలసదా అన్న వాదన మిగిలిపోయింది. తెలుగు, దక్కనీ, హిందీ ఒకే వీధిలో వినిపించే హైదరాబాదులో రెండు భాషలు రావడానికి వలసతో పని లేదు. ఈ ఊరి బలం అది.

ఈ ఫలితాన్ని మన పోలికలోకి తెచ్చి చూడండి. రెండు మూడు భాషల్లో బతికినవాళ్ల మాటల మూట ఒకే భాషలో ఉండదు. ఇంటి మాటలు తెలుగులో, బజారు మాటలు దక్కనీలో, ఆఫీసు మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. ఒకే భాషలో మాటల అర్థాలు అడిగి ఐక్యూ కట్టే పరీక్ష ఆ మూటలో మూడోవంతునే తూచి, మనిషి మొత్తం అదేనంటుంది. జబ్బును వెనక్కు నెట్టిందని భావిస్తున్న గుణానికే ఇక్కడ మార్కులు కోతపడతాయి.

లిపి కూడా అడ్డొస్తుంది. జబ్బుకు ముందు మనిషి స్థాయి ఎంతో అంచనా వేయడానికి ఇంగ్లండులో 1982 నుంచి ఒక చదివే పరీక్ష ఉంది. రాసినట్టు పలకని ఇంగ్లీషు మాటలు యాభై ఇచ్చి పైకి చదవమంటారు. తెలిసినవాళ్లే సరిగా పలుకుతారు, జబ్బు మొదట్లో ఆ తెలివిడి చెక్కుచెదరదు. తెలుగులో అలాంటి పరీక్ష కట్టడమే కుదరదు. అక్షరాలు వచ్చినవాళ్లు అర్థం తెలియని మాటనైనా తప్పులేకుండా చదువుతారు. కాబట్టి మునుపటి స్థాయిని అంచనా కట్టడానికి మనం వేరే దారి వెతకాలి.

కుదించిన పరీక్షకు దక్కాల్సిన చోటు

ఆ దారి వెతికేటప్పుడే కుదించిన ప్రజ్ఞా పరీక్షకు గౌరవమైన చోటు దొరుకుతుంది. జబ్బును పట్టడంలో దాని బలహీనతే ఇక్కడ బలం. మాటల అర్థాలు చాలాకాలం నిలుస్తాయి గనుక, ఆ భాషలోనే చదువుకుని, ఆ భాషలోనే ఉద్యోగం చేసిన మనిషికి ఆ ఒక్క భాగం పెడితే మునుపటి స్థాయి లీలగా తెలుస్తుంది. జలసౌధ పెద్దాయనకు మాటల అర్థాల్లో చాలా ఎక్కువ వచ్చి, దిమ్మెల దగ్గర సగటుకు దిగి, అడెన్‌బ్రూక్స్‌లో 92 వచ్చి, పోయిన మార్కులన్నీ జ్ఞాపకంలోనే ఉంటే, మూడూ కలిసి చెప్పేది స్పష్టం. ఒక్కొక్కటిగా చూస్తే మూడూ మామూలే. ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడే తరుగు కనిపిస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. మాటల అర్థాలనే మొదట తినేసే డిమెన్షియా రకం ఒకటుంది, అందులో ఈ లెక్క తలకిందులవుతుంది. మనిషి నడతను మార్చేసే ఫ్రంటోటెంపొరల్ రకంలో ఐక్యూ చాలాకాలం మామూలుగానే ఉండొచ్చు. ఇంట్లో బతుకు అస్తవ్యస్తమైనా బల్ల దగ్గర జవాబులు తప్పవు. బల్కంపేట అమ్మలాంటివాళ్లకైతే ఈ పరీక్ష ఏ రూపంలోనూ వద్దని నా అభిప్రాయం. ఆమె మునుపటి స్థాయిని చెప్పేది ఆమె చేసిన పనులు. చిట్టీలు నడిపిందా, పాల లెక్క నోటితో చూసిందా, నలుగురు కోడళ్ల ఇంటిని సర్దిందా. వాటిలో ఏది, ఎప్పటి నుంచి, ఎలా తప్పుతోందన్నదే ఆమె తరుగు లెక్క.

ఇంటివాళ్ల సాక్ష్యం

ఆ లెక్క చెప్పగలిగేది ఇంటివాళ్లు. రెండు పరీక్షలూ మనిషిని ఆ రోజు, ఆ పావుగంట మాత్రమే చూస్తాయి. కూతురూ కోడలూ ఏళ్ల తరబడి చూస్తారు. నిమ్స్ పరిశోధనలో వాడిన డిమెన్షియా తీవ్రతా మాపని ఆ సాక్ష్యాన్ని నడిమధ్యకు తెచ్చింది. జ్ఞాపకం, కాలస్థలాల ఎరుక, మంచిచెడ్డల నిర్ణయం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, తన పని తాను చేసుకోవడం అనే ఆరింటి మీద రోగినీ, దగ్గరివాళ్లనూ విడివిడిగా అడిగి, సున్నా నుంచి మూడు దాకా స్థాయి నిర్ణయిస్తారు. బల్లబ్‌గఢ్ బృందం కూడా 1999లో ఇంటివాళ్లను అడిగే పదకొండు ప్రశ్నల పట్టీ ఇచ్చింది, పల్లె బతుకులో పెద్దవాళ్లు చేసే పనులనే అందులో పెట్టారు. ఈ ప్రశ్నలు పోల్చేది మనిషిని ఆ మనిషి గతంతోనే. బడి చదువు, లిపి, దిమ్మెల వేగం ఇక్కడ అడ్డు రావు.

ఈ సాక్ష్యంలోనూ పొరపాట్లు రావచ్చు. కోపమున్న కోడలు ఎక్కువ చెప్పొచ్చు, ప్రేమ ఉన్న కొడుకు తక్కువ చెప్పొచ్చు. భార్య కుంగుబాటును భర్త మతిమరుపు అనుకోవచ్చు. అందుకే పరీక్ష అవసరం. సాక్ష్యం తరుగు దిశను చెబుతుంది, పరీక్ష దాని చోటును చెబుతుంది. ఒకటి లేకుండా రెండోదాన్ని నమ్మడం ప్రమాదం.

తేల్చేది

రెండు వంశాలనూ పక్కపక్కన పెట్టాక నా తీర్పు ఇది. డిమెన్షియా అనుమానంతో వచ్చిన పెద్దవాళ్లకు మొదటి పరీక్షగా కుదించిన ఐక్యూ పెట్టకూడదు. ఆ మనిషి భాషలో మలచిన, జ్ఞాపకాన్ని విడిగా అడిగే పరీక్ష ముందు రావాలి, దానికన్నా ముందు ఇంటివాళ్లతో మాట్లాడాలి. వినికిడి, చూపు, థైరాయిడ్, బి12, కుంగుబాటు చూసుకోవాలి. బాగా చదువుకున్నవాళ్లలో అనుమానం తీరనప్పుడు మాత్రమే కుదించిన ప్రజ్ఞా పరీక్షను, అందులోనూ భాగాలను విడివిడిగా చూస్తూ, మునుపటి స్థాయి అంచనా కోసం వాడాలి. దాని మొత్తం అంకెను రిపోర్టు మీద ఒంటరిగా రాయకూడదు.

రిపోర్టు మీద తప్పక ఉండాల్సినవి వేరే ఉన్నాయి. ఏ భాషలో అడిగారు, ఎన్నేళ్లు చదివారు, ఏ మాధ్యమంలో, కళ్లద్దాలూ వినికిడి యంత్రమూ పెట్టుకున్నారా, ఏ భాగంలో ఎన్ని మార్కులు పోయాయి, వెంట ఎవరొచ్చారు, వాళ్లేం చెప్పారు. అమ్మనో నాన్ననో తీసుకెళ్లిన బిడ్డలు ఈ వివరాలు అడిగి రాయించుకోవాలి. మళ్లీ పరీక్ష పెట్టించినప్పుడు అదే పరీక్ష, అదే భాషలో పెట్టమనాలి. రెండు తేదీల మధ్య తేడాను చూపగలిగేది ఆ కాగితమే.

దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వీళ్లందరి విషయంలోనూ జబ్బుకు ముందు స్థాయి ఎంత అన్న ఒక్క ప్రశ్న దగ్గరే డాక్టర్లు ఊహల మీద ఆధారపడుతున్నారు. ఊహతో పని లేకుండా చేయొచ్చు. అరవయ్యేళ్లు నిండినవాళ్లకు బీపీ, షుగరు చూసే చోటనే, ఆరోగ్యంగా ఉండగానే, వాళ్ల భాషలో మలచిన, జ్ఞాపకాన్ని విడిగా అడిగే పరీక్షను ఒక పావుగంట పెట్టి కాగితాన్ని వాళ్ల చేతికివ్వాలి. తెలుగులో పరీక్షలు తయారై ఉన్నాయి, వాటిని మలిచిన అనుభవం పంజాగుట్టలోనే ఉంది. ఆ పని బస్తీ దవాఖానాలకు చేరితే, పదేళ్ల తర్వాత ఏ పెద్దమనిషినీ అమెరికా సగటుతో పోల్చి చూడాల్సిన గతి ఉండదు.